ఊరుపేరు లేని పద్యములు

ధర్మపురి నరసింహ శతకము నెరుగని తెలుగు గృహ మరుదు. దానిని రచించిన శేషప్పకవి జీవితమును గూర్చి లోకమునకు తెలిసినది మాత్రము బహు స్వల్పము. నరహరి శతకమును, నృకేసరి శతకమును, ధర్మపురి రామాయణమును ఆయనవే యని పండితులు చెప్పుదురు. ఆయన ధర్మపురివాసి యనుటకు పెద్ద సాక్షి ఆ శతక మకుటమే. ప్రతి సీసపద్యమునకును గీతభాగమున కడపటి రెండు పాదములలో తన దేవుని పేరును, ఆ దేవుని ఊరిపేరును కవి నిలిపినాడు. ఆ రెండు పాదములే లేకున్నచో ఈ పద్యము లే సీమవో తేల్చుటకు ఎన్ని వాదములు పుట్టియుండెడివో!

ఇది మా ఊహ మాత్రము కాదు. వేములవాడ భీమకవి విషయమున జరిగినది ఇదియే. ఆయనది సిరిసిల్ల చెంతనున్న వేములవాడ యని కొందరును, దాక్షారామము దాపునగల వేములవాడ యని కొందరును వాదించిరి. ఆయన కాలమును గూర్చియు ఏకాభిప్రాయము లేదు. ఆయన పేర చాటువులు మాత్రము పుష్కలముగా వాడుకలో నున్నవి. వానిని ఎవరినుండి వింటిమో, ఏ ప్రతిలో చూచితిమో వ్రాసి యుంచవలె నను బుద్ధి తొలుత చెప్పుకొన్నవారికి పుట్టలేదు.

అట్లని మన పూర్వులకు ఆ బుద్ధియే లేదనరాదు. గంగాధర మండలమున కురిక్యాల యొద్ద బొమ్మలగుట్టపై క్రీ.శ. 945 ప్రాంతమున జినవల్లభుడు చెక్కించిన శాసనము కలదు. సంస్కృత కన్నడములతోపాటు అందు మూడు తెలుగు కందపద్యము లున్నవి. నన్నయ భారతమునకు అవి ఇంచుమించు నూరేండ్లు పెద్దవి. ఈ జినవల్లభుడు కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. అతడు తన అన్న ఎవరో, తల్లిదండ్రులెవరో, గోత్రమేదో, పూర్వుల గ్రామమేదో శిలపై విశదముగా చెప్పించినాడు. పంపడు కన్నడమున కావ్యము చెప్పినను ఆయన పూర్వులు వేంగీదేశపు వంగిపర్రువారని నేడు ధైర్యముతో పలుకగలుగుటకు ఆ రాయి గొప్ప ఆధారము. వేయి యేండ్లనాటి కవి తాతలు మనకు తెలిసిరి. నరసింహ శతకకర్త బాల్యము మనకు తెలియదు. ఒకరి విషయము వ్రాయబడినది, మరియొకరిది వ్రాయబడలేదు. భేద మంతమాత్రమే.

నిజాము రాష్ట్రమున తెలుగుకవులు పూజ్యమని ఒక పండితుడు వ్రాసినప్పుడు సురవరము ప్రతాపరెడ్డిగారు వట్టి కోపముతో ఊరకుండలేదు. (పూజ్య మనగా సున్న యనియు, పూజింపదగిన దనియు రెండర్థములు కలవు, ఆ పండితుడు మొదటిదానినే ఉద్దేశించెను.) ఊరూరి కవుల వివరములను, పద్యములను రప్పించి, 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను 1934లో వెలువరించిరి. వాదమునకు ప్రతివాదము గాక పట్టికయే ప్రత్యుత్తరమైనది. ఆ సంచిక రానిచో అందలి కవులలో పెక్కుర పేళ్లు వారి ఊరి పొలిమేర దాటియుండెడివి కావు.

కొమర్రాజు లక్ష్మణరావుగారు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును పూని మూడు సంపుటములు వెలువరించిరి. 1923లో వారు గతించునాటికి ఆ పని ముగియలేదు. అచ్చు, కాగితము, ధనము, ఆయువు అన్నియు అడ్డువచ్చినవి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా అంతర్జాలమున వెలసిన పిమ్మట ఆ అడ్డంకులలో పెక్కులు తొలగినవి. చేతిలో ఫోనున్న ప్రతివాడును అందు వ్రాయవచ్చును, దిద్దవచ్చును.

అయినను అచట పద్యమును మాత్రము దింపి చేతులు దులుపుకొనిన చాలదు. కవి యెవరు, ఏ ఊరు, ఏ కాలము, ఏ ఛందస్సు, మకుటమేది, పద్యములెన్ని, తొలుత అచ్చైన దెప్పుడు, ఎచ్చట అనునవి తెలియవలయును. మకుటమును చూచి కవిని నిర్ణయించుట సులభమే కాని, ప్రమాదకరము. వేమన మకుటము తగిలించిన పద్యములన్నియు వేమనవి కావు. కావున ఆధారము చూపుట అన్నిటికన్న ముఖ్యము. ప్రచురితమైన నమ్మదగిన ఆధారము సాక్ష్యముగా లేని మాటను వికీపీడియా అంగీకరింపదు. మా తాతగారు చెప్పిరనిన అచట చెల్లదు. ఈ నియమము కఠినమని కొందరు విసుగుకొందురు గాని, భీమకవి విషయమై నడచిన వాదమును తలచికొనిన అది న్యాయమనియే మాకు తోచుచున్నది.

మరియొక చిక్కు కలదు. కవి గతించిన సంవత్సరము ముగిసిన పిదప అరువదియేండ్ల వరకు మన శాసనము ప్రకారము గ్రంథస్వామ్యము వారసులది. జగిత్యాల కవి అలిశెట్టి ప్రభాకర్ 1954 జనవరి 12న జన్మించి, 1993లో అదే జనవరి 12న మరణించెను. 2053 ముగియువరకు ఆయన కవితలను అనుమతి లేక పూర్తిగా ఎత్తి వ్రాయరాదు. కాని జననమరణములను, సంపుటముల పేళ్లను, అచ్చైన యేండ్లను వ్రాయుటకు ఎవరి యనుమతియు అక్కరలేదు. హనుమాజీపేటలో 1931లో జన్మించి 1988 సంవత్సరపు జ్ఞానపీఠము పొందిన సి. నారాయణరెడ్డిగారి వంటివారిని గూర్చి వ్రాయుటకు జనము కొదువ లేదు. మా విచారము వారిని గూర్చి కాదు.

రాయికల్లు, కోరుట్ల ప్రాంతములలో కుమారులు గల్ఫు దేశములకు పోగా ముసలివారు మాత్రమే మిగిలిన ఇండ్లున్నవి. అట్టి ఇంటి అటుకమీద తాటాకుల కట్టయో, చేవ్రాత పుస్తకమో యుండవచ్చును. ముసలివారు పోయి ఇల్లు కూల్చునాడు అది చిత్తుకాగితముల బేరగాని పాలగును. భూస్వాములును, పట్టణవాసులును తమ యింటి దస్త్రములను ఈ వేసవిలోనే విప్పి చూడవలెనని కోరుచున్నాము. మొదట ప్రతి పుటకును ఛాయాచిత్రము తీయించవలెను. పుస్తకము ఎవరిదో, ఎవరి చేతివ్రాతయో, చివర వ్రాసిన సంవత్సరనామమేదో ఒక కాగితముపై వ్రాసి దానితో నుంచవలెను. పెద్దలు నోటితో చదువు పద్యములున్న, చదివినవారి పేరు, ఊరు, విన్న తేదీ వెంటనే గుర్తించవలెను. పిమ్మట ఆ వివరములను ఏదేని పత్రికలో అచ్చొత్తించిన, విజ్ఞానసర్వస్వమున చూపుటకు ఆధార మేర్పడును. స్వామ్యకాలము తీరి అచ్చైన గ్రంథములను వికీసోర్సున పూర్తిగా చేర్చవచ్చును. అచట ప్రతి పుట ప్రక్కను దాని ఛాయాచిత్రము నిలుచును గనుక అక్షరదోషమున్న చదువరి తానే పట్టుకొనగలడు.

పుస్తకమును ఎవరికిని ఇచ్చివేయ నక్కరలేదు. చిత్రములు తీయుటకు వచ్చిన కుర్రవానికి అరుగుమీద ఒక పూట చోటిచ్చిన చాలును.