మెదడుకు రక్తం తగ్గితే.. మతిమరుపు ముప్పు!

ఒంటి బరువులో మెదడు 2 శాతమే. కానీ ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడేస్తుంది. అందుకే రక్త సరఫరా తగ్గితే జ్ఞాపకశక్తిపై దెబ్బ పడుతుంది. అల్జీమర్స్ రోగుల్లో ఈ సరఫరా తగ్గుతుందని డాక్టర్లకు ఎప్పట్నుంచో తెలుసు. ఎందుకు తగ్గుతుందన్న దానికి అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ సైంటిస్టులు 2019లో ఓ కారణం చూపించారు. అల్జీమర్స్ లక్షణాలున్న ఎలుకల మెదడులో, సన్నటి రక్తనాళాల గోడలకు తెల్ల రక్తకణాలు అతుక్కుని దారి మూసేస్తున్నాయి. మూసుకుపోయేవి దాదాపు 2 శాతమే అయినా.. రక్త ప్రవాహం బాగా పడిపోతోంది. ఆ కణాలు అతుక్కోకుండా యాంటీబాడీ ఇస్తే, కొన్ని గంటల్లోనే ఎలుకల జ్ఞాపకశక్తి మెరుగైంది. అయితే ఇది ఎలుకల్లో తేలిన ఫలితమే. మనుషుల విషయానికొస్తే బీపీ, షుగర్ అదుపులో ఉంచుకోవడం, పొగ మానేయడం, రోజూ నడవడం.. రక్తనాళాలను కాపాడే ఈ అలవాట్లే ఇప్పటికి మన చేతిలో ఉన్నవి.