నీళ్ళలో కళ్ళు మూసుకుని పట్టుకోవడం ఎలా?

ఈత కొలనులో నడుంలోతు నీళ్ళలో గుంపుగా ఆడే ఆట ఒకటుంది. దొంగ కళ్ళు మూసుకుని "మార్కో!" అని అరుస్తాడు. మిగిలినవాళ్ళంతా "పోలో!" అని బదులివ్వాలి. ఆ గొంతుల ఆనవాలు పట్టుకుని దొంగ ఎవరినో ఒకరిని ముట్టుకోవాలి. దొరికినవాళ్ళే తర్వాతి దొంగ. మన కళ్ళగంతల ఆటే ఇది, గుడ్డ కట్టకుండా నీళ్ళలో ఆడతారు. అమెరికాలో పెరిగే మన పిల్లలకు బాగా తెలిసిన ఆట.

మార్కో పోలో అన్న ఈ ఆట పేరు వరంగల్‌వాళ్ళకు కొత్తదేమీ కాదు. పదమూడో శతాబ్దం చివర్లో వెనిస్ యాత్రికుడు మార్కో పోలో కాకతీయుల రేవు మోటుపల్లి గురించి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని బట్టల గురించి రాశాడు. న్యాయంగా ఏలే ఒక రాణిని మెచ్చుకున్నాడు. ఆమె మన రుద్రమదేవి. గణపతిదేవుడి కూతురని తెలియక, ఆమెను చనిపోయిన రాజుగారి భార్య అనుకున్నాడు. ఈ ఆటకు ఆ యాత్రికుడి పేరు పడింది ఇరవయ్యో శతాబ్దంలోనే. కాబట్టి పేరు మార్చుకుంటే తప్పేమీ లేదు. మన ఓరుగల్లు పేరునే విడదీసి, దొంగ "ఓరు!" అంటే అందరూ "గల్లు!" అనొచ్చు. హనుమకొండ పిల్లల నోట అది ఇంకా బాగుంటుంది.

కళ్ళు మూసుకున్నవాడికి అవతలివాళ్ళు ఎటున్నారో ఎలా తెలుస్తుంది? రెండు చెవులు ఉండటం వల్ల. కుడివైపు నుంచి వచ్చిన కేక ముందు కుడిచెవికి, కాస్త ఆలస్యంగా ఎడమచెవికి చేరుతుంది. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతుకు చేరదు. అంత చిన్న తేడాను కూడా మెదడు పసిగడుతుంది. తల అడ్డు రావడం వల్ల రెండో చెవికి శబ్దం కొంచెం తగ్గి వినిపిస్తుంది, అదీ ఒక ఆనవాలే. అయితే ఎదురుగా ఉన్నవాడి కేక, సరిగ్గా వెనకున్నవాడి కేక రెండు చెవులకూ ఒకేసారి చేరతాయి. అందుకే దొంగ ఒక్కోసారి తన వెనకున్నవాళ్ళను ముందువైపు వెతుకుతాడు. కేక వినిపించేటప్పుడు తలను మెల్లగా అటూ ఇటూ తిప్పితే ఆ చిక్కు విడిపోతుంది. పైకప్పు, గోడలు ఉన్న కొలనులో ప్రతిధ్వనులు ఎక్కువ. అక్కడ మెదడు అన్నిటికంటే ముందు చేరిన శబ్దాన్నే నమ్ముకుంటుంది. ఠక్కున మొదలయ్యే కేక సాగదీసిన రాగం కంటే సులువుగా దొరికిపోతుంది. "గల్లు" అన్న మాట దొంగకు మేలు చేసేదే.

చెవులు నీళ్ళలో మునిగితే మాత్రం ఈ విద్య పనిచేయదు. నీటిలో శబ్దం గాలిలో కంటే నాలుగింతలకు పైగా వేగంగా, సెకనుకు సుమారు 1480 మీటర్లు పోతుంది. రెండు చెవుల మధ్య తేడా నాలుగో వంతుకు పడిపోతుంది. పైగా పుర్రె ఎముకల గుండా కూడా శబ్దం నేరుగా లోపలికి చేరుతుంది. దాంతో కేక అన్ని వైపుల నుంచీ వస్తున్నట్టే ఉంటుంది.

బడిలో ఎవరికీ దొరకని పరుగుల వీరుడు నీళ్ళలో ఇట్టే ఎందుకు దొరికిపోతాడు? నీటి సాంద్రత గాలి సాంద్రతకు దాదాపు 800 రెట్లు. వేగం రెట్టింపు చేయబోతే నీటి అడ్డు నాలుగింతలవుతుంది. 100 మీటర్లను ఉసేన్ బోల్ట్ 2009లో 9.58 సెకన్లలో పరుగెత్తాడు. అదే దూరం ఈదడానికి పాన్ ఝాన్లే 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ప్రపంచ రికార్డుతో గెలిచినప్పుడు 46.40 సెకన్లు పట్టింది. నిలువుగా నడిచేవాడి ఛాతీకి నీళ్ళు గోడలా అడ్డుపడతాయి. లోతు పెరిగే కొద్దీ ఒంటి బరువు తేలిపోయి కాళ్ళకు నేల పట్టు చిక్కదు, చటుక్కున పక్కకు తిరగడమూ కష్టమే. కొలను గోడను కాళ్ళతో తన్ని, చేతులు చాచి జారిపోయేవాడే తప్పించుకుంటాడు.

మునిగి పారిపోవడం ఇంకా తేలికని పిల్లలు తొందరగానే కనిపెడతారు. అది నిజమే. నీటి పైభాగాన ఈదితే అలలు లేపడానికి శక్తి ఖర్చవుతుంది, లోపల అంత ఉండదు. అందుకే పోటీల్లో ఫ్రీస్టయిల్ ఈతగాళ్ళు దూకాక, మలుపు తిరిగాక 15 మీటర్లకు మించి మునిగి ఈదకూడదన్న నియమం ఉంది. కానీ మన ఆటలో మునిగి దాక్కోవడాన్ని పూర్తిగా మానేయాలని నేను గట్టిగా చెబుతాను. ఎందుకో వివరిస్తాను.

మునిగిపోతున్న మనిషి సినిమాల్లోలా కేకలు వేయలేడు. నోరు నీటిపైకి వచ్చే ఆ కాస్త సమయం ఊపిరికే చాలదు, ఇక పిలుపెక్కడ? చేతులు పైకెత్తి ఊపలేడు, పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతుంటాడు. అది నిమిషంలోపే ముగిసిపోవచ్చు. చుట్టూ పది మంది నవ్వుతూ అరుస్తున్నా ఎవరికీ తెలియదు. ఈ ఆటలోనేమో ప్రతి పిలుపుకూ ప్రతి ఒక్కరూ పలకాలి. అంటే ఆట నడుస్తూనే తలల లెక్క తేలుతుంది. మునిగి దాక్కోవడానికి ఒప్పుకున్నామా, పలకని గొంతుకు అర్థం పోతుంది. వాడు దాక్కున్నాడో, ఆపదలో ఉన్నాడో ఎవరు చెప్పగలరు?

ఎక్కువసేపు మునగాలని ముందుగా గబగబా ఊపిరి పీల్చి వదలడం మరీ ప్రమాదం. ఊపిరి తీసుకోవాలన్న తపన పుట్టించేది ముఖ్యంగా ఒంట్లో పెరిగే కార్బన్ డయాక్సైడ్. దాన్ని ముందే బయటికి ఊదేస్తే తపన పుట్టేలోపే ఆక్సిజన్ తగ్గి, నీళ్ళలోనే స్పృహ తప్పుతుంది. బాగా ఈత వచ్చినవాళ్ళకూ ఇది జరుగుతుంది.

వరంగల్ పల్లెల్లో నడుముకు బెండ్లు కట్టుకుని వ్యవసాయ బావుల్లో ఈత నేర్చినవాళ్ళు ఎందరో. వాళ్ళ ధైర్యమంటే నాకు గౌరవం. అయినా ఈ ఆట బావిలో వద్దు, చెరువులో వద్దు, క్వారీ గుంతలో అసలే వద్దు. కళ్ళు మూసుకున్నవాడికి లోతు కనపడదు. బావికి లోతులేని వైపంటూ ఉండదు. అందరిలోకీ పొట్టివాడికి కూడా ఛాతీ దాటని నీళ్ళుండాలి. లోతు మొదలయ్యే చోట తాడు కట్టి ఉండాలి. దొంగ చేతులు ముందుకు చాచి నడవాలి, భుజమో చెయ్యో ముట్టుకోవాలి, తల పట్టి ముంచకూడదు. గట్టున ఈత వచ్చిన పెద్దవాళ్ళు ఒకరు ఫోన్ పక్కన పెట్టి చూస్తుండాలి. ఆడేవాళ్ళు ఆరేడుగురు చాలు. అంతకు మించితే ఎవరి గొంతు తగ్గిందో తెలియదు.

ఒక్క "గల్లు" తగ్గినా దొంగ కళ్ళు తెరవాలి, ఆట ఆపి అందరూ గట్టు పట్టుకోవాలి, లెక్క చూడాలి. ఎవరైనా కొట్టుకుంటుంటే పిల్లలు వాళ్ళ దగ్గరకు ఈదుకుంటూ పోవద్దు. తాడో, చీరో, ట్యూబో విసరాలి, కర్ర అందించాలి. బయటికి తీశాక పొట్ట నొక్కి నీళ్ళు కక్కించడం, కాళ్ళు పట్టి గిరగిరా తిప్పడం పనికిరావు, విలువైన సమయం పోతుంది. ఊపిరి ఆడకపోతే వెంటనే నోటితో ఊపిరి ఊదాలి, స్పందన లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. ఆలోగా మరొకరు 108కి ఫోన్ చేయాలి.