యమహా వైజెడ్250 మోనోక్రాస్

యమహా వైజెడ్250 మోనోక్రాస్, జపానుకు చెందిన యమహా సంస్థ 1975 మోడలుగా అమ్మకానికి తెచ్చిన మోటోక్రాస్ పందెపు మోటారుసైకిలు. మోటోక్రాస్ అనగా గుట్టలు, గుంతలతో కూడిన మట్టిబాటపై జరిగే పందెం. ఇంజను ఒకే సిలిండరు గల రెండు స్ట్రోకులది. విశేషమంతా వెనుక చక్రపు సస్పెన్షన్‌లోనే ఉంది.

అంతకు పూర్వం వెనుక చక్రానికి ఇరువైపులా రెండు పొట్టి షాక్ అబ్సార్బర్లు ఉండేవి. చక్రం కొద్దిపాటి దూరమే పైకీ కిందికీ కదిలేది. ఎగుడుదిగుళ్ళపై అది నేలను వదిలిన ప్రతిసారీ ఇంజను శక్తి వృథా అయ్యేది. బెల్జియం ఇంజనీరు లూసియెన్ టిల్కెన్స్ ఆ రెండింటికి బదులు పెట్రోలు ట్యాంకు కింద పొడవైన షాక్ అబ్సార్బరు ఒక్కదానినే ఏటవాలుగా అమర్చి, త్రికోణాకారపు స్వింగ్ ఆర్మ్‌తో కలిపాడు. చక్రం కదిలే దూరం పెరిగింది. ఈ అమరిక గల యమహా బండిపై స్వీడన్ రైడరు హోకన్ ఆండర్సన్ 1973లో 250 సీసీ ప్రపంచ విజేత అయ్యాడు. రెండేళ్ళకు అదే సస్పెన్షన్ సామాన్య కొనుగోలుదారులకూ అందింది.

బరువు పైభాగాన చేరడం, షాక్ అబ్సార్బరు ఇంజను వేడికి దగ్గరగా ఉండడం దీని లోపాలు.