గోలీ మా ఊరిది, బిల్లు మా జేబుది!

హైదరాబాద్ నుంచి విజయవాడ హైవే ఎక్కితే సుమారు 50 కిలోమీటర్లకు మా చౌటుప్పల్. 1995లో దివీస్ ల్యాబొరేటరీస్ తన మొదటి ప్లాంటు పెట్టింది ఇక్కడే. నొప్పి గోలీల్లో వాడే నాప్రోక్సెన్ ముడిమందు తయారీలో ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో అదొకటి.

ఇదంతా ఒక్కరోజులో రాలేదు. 1960ల్లో బాలానగర్‌లో ఐడీపీఎల్ వచ్చింది. తర్వాత డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డి పనిచేసింది అందులోనే. 1970 పేటెంట్ చట్టం మందుల విషయంలో తయారీ పద్ధతికి మాత్రమే పేటెంట్ ఇచ్చింది. అదే మందును మనవాళ్లు వేరే పద్ధతిలో చవకగా చేశారు. 2005లో ఆ రూలు మారింది. అప్పటికే పునాది గట్టిపడింది.

మరి మన ఇంట్లో సంగతి? 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి తెలంగాణలో 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. ఆపరేషన్ అంటే కొండంత అండ. కానీ మా నాయన మెడికల్ షాపులో నెలనెలా కొనే బీపీ గోలీలకు అది పనికిరాదు. 2021-22 జాతీయ లెక్కల ప్రకారం దేశం మొత్తం వైద్య ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే పోయింది.

అందుకే ఈసారి గోలీల షీటు చూసినప్పుడు బ్రాండ్ పేరుతో పాటు అసలు మందు పేరూ చదవండి. డాక్టర్‌ని అడిగి, జన్ ఔషధి కేంద్రంలో దాని ధర ఎంతో చూడండి. సర్కారు దవాఖానలో బీపీ, షుగర్ గోలీలు ఉచితంగా ఇస్తారు, అక్కడా అడగండి.

మా వాడకట్టులో నెలాఖరుకు రోజు తప్పించి రోజు గోలీ వేసుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఆ అవసరం తప్పిననాడే మందుల మార్కెట్ పెరిగిందని నేను నమ్ముతా.