మన ఆటకు ఓటు ఎవరిది?



సాయంత్రం ఆటల బెల్లు కొట్టగానే మనం గ్రౌండుకు ఉరుకుతాం. బాలు ఎవరి కాలికి అందితే వాళ్ళు తంతారు. అక్కడ ఏ సంఘమూ అక్కర్లేదు. కానీ ఒక అమ్మాయి స్కూలు గేటు దాటి జిల్లాకు, రాష్ట్రానికి, దేశానికి ఆడాలంటే మధ్యలో సంఘాలు ఉంటాయి. ఆ సంఘాలకు అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి ఉంటారు. వాళ్ళను ఎవరు ఎన్నుకుంటారు? ఎట్లా ఎన్నుకుంటారు? మా పి.ఇ.టి. మేడమ్‌ని అడిగి, పేపర్లు చదివి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు మెట్లు చెప్తాను. అన్నిటికన్నా కింద క్లబ్బులు. వాటి మీద జిల్లా సంఘం, దాని మీద రాష్ట్ర సంఘం. రాష్ట్ర సంఘాలన్నీ కలిసి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య. ఇది 1937లో పుట్టింది. దాని పైన ఆసియా సమాఖ్య ఉంది. ప్రపంచం మొత్తానికి ఫిఫా, అందులో 211 దేశాల, ప్రాంతాల సంఘాలు సభ్యులు. (స్కూలు ఆటల పోటీల దారి వేరే ఉంది, అది ఇంకోసారి రాస్తాను.)

2022లో సమాఖ్య అధ్యక్షుడిని ఎన్నుకున్నది రాష్ట్ర సంఘాల ప్రతినిధులు. ఒక్కో సంఘానికి ఒక్కో ఓటు. బాలు తన్నే పిల్లకు ఓటు లేదు. మనకు 18 నిండలేదు కదా అంటారేమో, 2022 ఎన్నికలో భారత జట్టుకు ఆడే పెద్ద అక్కలకు కూడా లేదు. నాకు ఇది వింతగా అనిపించింది. ఎందుకంటే మన ఊళ్ళలో గ్రామసభ ఉంది. 1996లో వచ్చిన పెసా చట్టం ప్రకారం ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభలో సభ్యుడే. మా అయ్య బడికి పోలేదు, అయినా గ్రామసభలో లేచి అడుగుతాడు. ఫుట్‌బాల్‌లో అట్లా లేచి అడిగే చోటు ఆటగాళ్ళకు దొరకడం కష్టం.

ఇంకో చిక్కు మన ప్రాంతానికే ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు పోలవరం కోసం ఇక్కడి మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. చింతూరు, కూనవరం, వి.ఆర్.పురం అటు పోయినయ్. భద్రాచలం పట్నం తెలంగాణలో ఉంది, పక్కనే నడిచి పోయేంత దూరంలో ఉన్న ఎటపాక ఆంధ్రలో ఉంది. 2016లో ఖమ్మం జిల్లా కూడా విడిపోయి మనకు భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అయ్యింది. ఒకే అడవి, ఒకే కోయ మాట, ఒకే ఇంటి చుట్టాలు. కానీ ఎటపాకలో ఉండే మేనత్త కూతురు ఒక రాష్ట్ర సంఘం కిందికి, భద్రాచలంలో ఉండే మేనమామ కూతురు ఇంకో సంఘం కిందికి వస్తారు. ఏ సంఘాన్ని అడగాలో తెలియకపోతే పేరు ఎక్కడా ఎక్కదు.

ఇప్పుడు 2022లో జరిగిన పెద్ద గొడవ చెప్తాను, అది చదివితే అంతా అర్థం అవుతుంది. సమాఖ్య అధ్యక్షుడిగా ప్రఫుల్ పటేల్ 2009 నుండి ఉన్నారు. అప్పటి జాతీయ క్రీడా నియమావళి ప్రకారం అధ్యక్షుడు 12 ఏళ్ళకు మించి ఉండకూడదు. 2020 డిసెంబరులో ఆయన గడువు అయిపోయింది, ఎన్నిక మాత్రం జరగలేదు. నియమావళి గురించి కేసు కోర్టులో ఉంది, అందుకని ఆగింది అన్నారు. 2022 మే 18న సుప్రీంకోర్టు పాత కమిటీని తీసేసి ముగ్గురిని పెట్టింది. మాజీ న్యాయమూర్తి అనిల్ దవే, మాజీ ఎన్నికల కమిషనర్ ఖురేషీ, మాజీ కెప్టెన్ భాస్కర్ గంగూలీ. ఆగస్టులో కోర్టు ఇంకో మాట చెప్పింది: రాష్ట్ర సంఘాలతో పాటు 36 మంది పేరున్న మాజీ ఆటగాళ్ళు కూడా ఓటు వేయాలని. నాకైతే ఇది చదివి సంతోషం వేసింది.

ఫిఫాకు నచ్చలేదు. ఫుట్‌బాల్ సంఘాన్ని సంఘమే నడుపుకోవాలి, బయటివాళ్ళు చేయి పెట్టకూడదు అని వాళ్ళ నియమం. ఆగస్టు మధ్యలో భారతదేశాన్ని సస్పెండ్ చేశారు. తప్పు పెద్దవాళ్ళది, దెబ్బ ఎవరికి తగిలిందో చూడండి. గోకులం కేరళ మహిళల జట్టు ఆసియా క్లబ్బుల పోటీకి ఉజ్బెకిస్తాన్‌లోని తాష్కెంట్‌కు అప్పటికే పోయి ఉంది. ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే తిరిగి వచ్చింది. అక్టోబరులో మన దేశంలోనే జరగాల్సిన 17 ఏళ్ళలోపు బాలికల ప్రపంచకప్ కూడా పోతుందని భయపడ్డారు. ఆ కప్ మొదట 2020లో మనకు రావాలి. కరోనా వల్ల వాయిదా పడి రద్దయ్యింది. 2020 కోసం తయారైన అమ్మాయిలకు 2022 నాటికి వయసు దాటిపోయింది. ఒక అధ్యక్షుడికి రెండేళ్ళు పోతే కుర్చీ అక్కడే ఉంటుంది. 16 ఏళ్ళ పిల్లకు రెండేళ్ళు పోతే ఆ కప్పే పోతుంది.

ఆగస్టు 22న కోర్టు తన కమిటీని రద్దు చేసి, రాష్ట్ర సంఘాలే ఓటు వేయాలని మార్చింది. 26న సస్పెన్షన్ ఎత్తేశారు. ప్రపంచకప్ జరిగింది. జార్ఖండ్ నుండి వచ్చిన ఆదివాసీ అమ్మాయి అస్తం ఒరాన్ మన జట్టుకు కెప్టెన్. భువనేశ్వర్‌లో మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం, అమెరికా చేతిలో 8-0. అయినా ఆడారు.

ఎన్నిక సెప్టెంబరు 2న జరిగింది. ఒకవైపు మాజీ గోల్‌కీపర్ కళ్యాణ్ చౌబే, ఇంకోవైపు దేశమంతా ఎరిగిన కెప్టెన్ బైచుంగ్ భూటియా. ఓట్లు 34. చౌబేకు 33, భూటియాకు 1. ఎన్నికలో నిలబడాలంటే ఒకరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి. భూటియాను ప్రతిపాదించింది ఆంధ్ర సంఘం, బలపరిచింది రాజస్థాన్ సంఘం. సంతకాలు రెండు, ఓటు ఒకటి! రహస్య బ్యాలెట్ అంటే ఏమిటో మా సోషల్ సార్ ఎంత చెప్పినా ఎక్కలేదు గానీ, ఈ లెక్క చూడగానే ఎక్కింది. తర్వాత ఆరుగురు మాజీ ఆటగాళ్ళను కమిటీలోకి తీసుకున్నారు, అందులో ఇద్దరు ఆడవాళ్ళు. 2025లో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టంలో ప్రతి సమాఖ్య కార్యవర్గంలో కనీసం నలుగురు ఆడవాళ్ళు ఉండాలని రాశారు.

సంఘంలో అందరూ ఇట్లాగే ఉంటారని నేను అనను. హైదరాబాద్ సంఘానికి 1943 నుండి కార్యదర్శిగా ఉన్న ఎస్.ఎ.రహీం గారు బడిపంతులుగా పని చేసినవారే. ఆయన శిక్షణలోనే మన దేశం 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చుకుంది, 1962 ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం కొట్టింది.

ఇవన్నీ ఢిల్లీ సంగతులు అనుకోకండి. ఒకసారి అండర్-14 సెలక్షన్ సంగతి మనకు అది అయిపోయిన వారానికి తెలిసింది. అప్పటికే మన అమ్మాయిలు ఆరుగురు పుట్టిన తేదీ సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించి పెట్టెల్లో పెట్టుకున్నారు. అందులో ఇద్దరికి ఆ ఏడాదితో వయసు దాటింది. ఒకామె ఇప్పుడు ఆట మానేసి, సెలవుల్లో మిరపకాయలు ఏరడానికి కూలికి పోతుంది. కబురు ఎవరు పంపాలి, ఎవరికి పంపాలి అన్నది ఎక్కడా రాసి లేదు. నిజామాబాద్ జిల్లా తండా నుండి వచ్చిన గుగులోతు సౌమ్య అక్క భారత జట్టుకు ఆడుతుంది. ఆమెకు కబురు అందింది కాబట్టే మనకు ఆమె పేరు తెలిసింది.

మన స్కూలులో ఆటల కమిటీని ఇప్పటిదాకా పదో తరగతి అక్కలే చెప్పి వేసేవాళ్ళు. వచ్చే శనివారం మొదటిసారి ఓట్లు పెడుతున్నారు. మేము కొందరం వార్డెన్ మేడమ్‌కి కాగితం ఇచ్చాం: ఆరో తరగతి నుండి ఆడే ప్రతి అమ్మాయికి ఓటు ఉండాలి, ఓటర్ల పేర్లు మూడు రోజుల ముందే ఈ గోడ మీద అంటించాలి, సెలక్షన్ ఉత్తరం ఏది వచ్చినా అదే రోజు ప్రార్థనలో చదవాలి. మొదటి రెండింటికి ఒప్పుకున్నారు. మూడోది ప్రిన్సిపాల్ గారిని అడగాలన్నారు. నామినేషన్ కాగితాలు పి.ఇ.టి. మేడమ్ దగ్గర ఉన్నయ్. నిలబడేవాళ్ళు గురువారం సాయంత్రం లోపు ఇద్దరి సంతకాలతో ఇవ్వాలి.