ఎనిమిదంగుళాల కన్ను

మాఘమాసపు రాత్రి హైదరాబాద్ ఛత్రినాకలో డాబా ఎక్కి దక్షిణానికి తిరిగితే, వీధి దీపాలు ఎంత వెలిగినా సిరియస్, అదే మన మృగవ్యాధుడు, కనిపించి తీరుతుంది. చెయ్యి చాచి దాని కింద మూడు వేళ్లు పెట్టి, ఆ చోట బైనాక్యులర్‌తో చూడండి. చుక్కల గుంపొకటి విచ్చుకుంటుంది. పేరు ఎం41, దూరం సుమారు 2,300 కాంతి సంవత్సరాలు. ఆ గుంపు ఉన్న ఆకాశపు పట్టీని నూరేళ్ల కిందటే ముక్కముక్కగా ఫొటో తీసింది మన ఊరి యంత్రమే.

ఛత్రినాకకు తూర్పున ఫిసల్‌బండ. అక్కడే 1901లో నవాబ్ జఫర్ జంగ్ వేధశాల పెట్టాడు. ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శిని కొన్నాడు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం వేధశాలను చేతిలోకి తీసుకుంది, అది బేగంపేటకు మారింది. చూడొచ్చినవాళ్ల కళ్లన్నీ ఆ పెద్దదాని మీదే. నన్నడిగితే అసలు పని చేసింది దాని పక్కనున్న 8 అంగుళాల కుక్ కంపెనీ యాస్ట్రోగ్రాఫ్, అంటే ఆకాశాన్ని ఫొటో తీసే దూరదర్శిని.

ఆకాశమంతా ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక రాయాలని 1887లో పారిస్‌లో నిర్ణయించి, పలు దేశాల వేధశాలలు వాటాలు పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో వదిలేసిన వాటా హైదరాబాద్‌కు వచ్చింది. 1914లో వేధశాల డైరెక్టర్ పొకాక్ మొదలుపెట్టాడు. 1918లో ఆయన చనిపోయాక టి.పి. భాస్కరన్ కొనసాగించాడు. చివరికి 12 సంపుటాలు, ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాలు!

గాజు ప్లేటు మీద 5 మిల్లీమీటర్లకొక గీత చొప్పున గళ్లు. ఏ చుక్క ఏ గడిలో ఎంత లోపలుందో సూక్ష్మదర్శినిలో చూసి రాసుకోవాలి. ఈ పథకానికి పెట్టుకున్న కొలత ప్రకారం ప్లేటు మీద మిల్లీమీటరంటే ఆకాశంలో ఒక కళ, పంచాంగం వాడే కళే. అందులో అరవయ్యో వంతు వికళ. ఏడాదికి వికళలో వందో వంతు జరిగే నక్షత్రం నూరేళ్లకు ఒక్క వికళ కదులుతుంది. ప్లేటు మీద అది మిల్లీమీటరులో అరవయ్యో వంతు. ఒక తరం కొలిచి పెడితే, తీసివేత వేసేది మనవలే.

వేశారు కూడా. 1989లో ఎగిరిన హిప్పార్కస్ ఉపగ్రహం చూపిన చోట్లకూ ఈ పాత పట్టికల చోట్లకూ తేడా తీసి, 2000లో 25 లక్షల నక్షత్రాల టైకో-2 పట్టిక తయారుచేశారు. అందులో హైదరాబాద్ కొలతలూ ఉన్నాయి.

ఇలాంటి కదలికలతో గెలాక్సీనే తూచవచ్చు. వడిసెలలో రాయి ఎంత జోరుగా తిరిగితే పిడికిలి అంత గట్టిగా పట్టాలి. గెలాక్సీకి ఆ పిడికిలి దాని గురుత్వమే. శివార్లలో తిరిగే గోళాకార నక్షత్ర గుచ్ఛాల వేగం తెలిస్తే లోపలి బరువు తెలుస్తుంది. ఆ గుచ్ఛాలు మరీ దూరం. వాటి కదలిక మన యాస్ట్రోగ్రాఫ్‌కు అందదు. గయా ఉపగ్రహం 34 గుచ్ఛాలను, హబుల్ మరో పన్నెండింటిని పట్టాయి. 2019లో తేలిన లెక్క: పాలపుంత బరువు సుమారు ఒకటిన్నర లక్షల కోట్ల సూర్యులంత. అందులో నక్షత్రాల వాటా కొద్ది శాతమే. మిగిలినదాంట్లో చాలా భాగం ఏ గాజు ప్లేటు మీదా పడని కృష్ణ పదార్థం.