ఏడు మాత్రల మెటల్

గురజాడ అప్పారావు 1910లో ‘ముత్యాల సరాలు’ ప్రచురించి, మూడూ నాలుగూ కలిసి నడిచే మిశ్రగతిని తెలుగువాళ్ల నోట పెట్టారు. ‘దేశభక్తి’ గేయానిదీ అదే నడక. బడిలో దాన్ని గొంతెత్తి పాడిన పిల్లలంతా తకిట తకధిమి మీద నడిచినవాళ్లే. పాడుతున్నంతసేపూ ఎవరూ వేళ్లు మడిచి లెక్కపెట్టుకోలేదు.

అమెరికాలోనూ స్వీడన్‌లోనూ ప్రోగ్రెసివ్ మెటల్ వాయించేవాళ్లు గొప్పగా చెప్పుకునే తాళాల్లో ఈ ఏడు ముందుంటుంది. వాళ్లు సెవెన్ బై ఎయిట్ అంటారు. ‘టూల్’ బృందం 2001లో తెచ్చిన ‘లాటరాలస్’ ఆల్బమ్‌లో ‘స్కిజమ్’ వినండి. ఐదు, ఏడు, మళ్లీ ఐదు, ఏడు. ఖండం పక్కన మిశ్రం. అందుకే ఈ సంగీతం గురజాడకు అలవాటుపడ్డ విజయనగరం, శ్రీకాకుళం చెవులకు పరాయిదంటే నేనొప్పుకోను.

పేరు చూసి బెదరనక్కర్లేదు. గరగరలాడే గిటార్లు, మారుతూ పోయే తాళాలు, పది నిమిషాలు దాటే పాటలు, ఒక్కోసారి ఆల్బమ్ అంతటా సాగే ఒకే కథ. 1992లో ‘డ్రీమ్ థియేటర్’ వారి ‘ఇమేజెస్ అండ్ వర్డ్స్’ దీన్ని జనంలోకి తెచ్చింది. ఇప్పుడు కొత్త ఆల్బమ్‌లకు కొదవ లేదు. మనకు కొత్త సినిమా వచ్చినట్టే, 2015 జూలై నుంచి ప్రపంచమంతటా ఆల్బమ్‌ల విడుదలా శుక్రవారమే. ఆ వరదలో ఏది పట్టుకోవాలి?

యాప్ చూపించిందల్లా వినడం కంటే మనుషుల వెంట పడటం మేలు. ‘ఓపెత్’ వారి ‘బ్లాక్‌వాటర్ పార్క్’ నచ్చిందనుకోండి, దాని నిర్మాణంలో చెయ్యి ఎవరిదో చూడండి. స్టీవెన్ విల్సన్ పేరు కనిపిస్తుంది. అతని సొంత బృందం ‘పోర్కుపైన్ ట్రీ’. వాళ్ల 2002 నాటి ‘ఇన్ ఆబ్సెన్షియా’లో గావిన్ హారిసన్ డ్రమ్స్ వింటే, అతను ఇంకెక్కడెక్కడ వాయించాడో వెతక్కుండా ఉండలేరు. డబ్బు పెట్టేముందు బ్యాండ్‌క్యాంప్‌లో చాలా ఆల్బమ్‌లు మొత్తం వినొచ్చు. సెల్‌ఫోన్ స్పీకర్‌లో మాత్రం వద్దు, కింది స్వరాలన్నీ మాయమవుతాయి.

ఇక తీర్పు. నాకు తెలిసి ఈ గడ్డ మీద లయకు అతి పెద్ద పరీక్షాధికారి ఆదిభట్ల నారాయణదాసు. అజ్జాడలో పుట్టి, 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షుడయ్యారు. రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఒక్కోదానితో ఒక్కో తాళం చొప్పున ఒకేసారి ఐదు తాళాలు నడిపి ‘పంచముఖి పరమేశ్వర’ అనిపించుకున్నారు. ఆ కళాశాలలో విద్యార్థిగా చేరదామని వచ్చిన ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్ విని, పాఠం చెప్పే ఉద్యోగమే ఇచ్చారు. దరఖాస్తులో ఉన్నదాన్ని పక్కనపెట్టి చెవిన పడ్డదాన్ని నమ్మారు. కొత్త ఆల్బమ్ ముందు కూర్చున్నప్పుడు నాకు కావలసింది ఆ ధైర్యమే.

దాసుగారి విద్యకు మెటల్‌లో దగ్గర చుట్టం స్వీడన్ బృందం ‘మెషుగా’. డ్రమ్మర్ టోమస్ హాకె చేతులు నాలుగు మాత్రల లెక్కను నిలబెడుతుంటే, కాళ్లూ గిటార్లూ వేరే లెక్కలో తిరుగుతుంటాయి. 2008 నాటి ‘బ్లీడ్’ విన్నప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఒక్క తేడా ఉంది. మన మృదంగ విద్వాంసుడు ముక్తాయింపును ఎత్తుగడ దగ్గర సరిగ్గా దిగేలా ముందే లెక్క కట్టుకుంటాడు. మెషుగా చాలాచోట్ల వరసను మధ్యలోనే తుంచి మళ్లీ మొదలెడుతుంది. ఆ తుంపులో ఓ మొరటు బలముంది, నిజమే. దిగే చోటు తెలిసి దిగిన ముక్తాయింపులోని ఆనందం మాత్రం అందులో దొరకదు.

నేను వెతికేది తాళం మారడాన్ని కాదు, మారిందని తెలియకుండా నడవడాన్ని. డ్రీమ్ థియేటర్ వారి ‘డ్యాన్స్ ఆఫ్ ఎటర్నిటీ’లో ఆరు నిమిషాల్లో వందకు పైగా తాళం మార్పులున్నాయి. వాయించడం అద్భుతం. విన్నాక నోట ఏదీ మిగలదు. ‘స్కిజమ్’ బేస్ గిటార్ వరస మాత్రం మర్నాడు బస్సులోనూ కూనిరాగంగా వస్తుంది. అందుకే కొత్త ఆల్బమ్ మీద విన్న రోజే మాట చెప్పను. వారం వదిలేస్తాను. పిలవకుండా వచ్చిన వరసలకే మార్కులు. ఈ పద్ధతిలో కొన్ని మంచి ఆల్బమ్‌లకు అన్యాయం జరుగుతుందని తెలుసు, అయినా మార్చుకోను.

మన చుట్టుపక్కలా సరుకుంది. హైదరాబాద్ ‘గాడ్‌లెస్’ 2021లో తెచ్చిన ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ డెత్ మెటల్, బిగువైన పని. బెంగళూరు ‘అగం’ 2017లో త్యాగరాజు నళినకాంతి కృతి ‘మనవ్యాలకించరాదటే’ను గిటార్ల మధ్యకు తెచ్చినప్పుడు, రాగం వాటి కింద నలగలేదు. నా వారం పరీక్షలో అది తేలిగ్గా నెగ్గింది.

కళింగాంధ్ర నుంచి రావలసింది ఇంకా ఉంది. రొమ్ముకు కట్టుకున్న తప్పెటను రెండు చేతులా వాయిస్తూ ఎగిరే తప్పెటగుళ్లవాళ్ల దరువు దగ్గర నిలబడితే గుండెల్లో అదురుతుంది. ఎనిమిది తంతుల గిటార్ కోరుకునే బరువు అదే. ఆ రెంటినీ కలిపే రికార్డింగ్ విశాఖలో చేసినా హైదరాబాద్‌లో చేసినా, ముందు తప్పెటగుళ్ల బృందాన్ని వాళ్ల వేగంలో వాయించనివ్వాలి. చెవిలో వేగం కొట్టే క్లిక్ ట్రాక్ పెట్టి వాళ్లను కట్టెయ్యకూడదు. గిటార్ వాళ్ల వెంట నడవడం నేర్చుకోవాలి.